మందు కాబోయి దీపమైన రంగు

కణంలో డీఎన్‌ఏ ఎక్కడుందో మొదట చూపించింది వెలుగు కాదు, మామూలు రంగే. 1924లో జర్మనీలోని గీసెన్‌లో రాబర్ట్ ఫోయిల్గెన్, రోసెన్‌బెక్ కలిసి డీఎన్‌ఏకు మాత్రమే ముదురు గులాబీ రంగు పట్టించే పద్ధతి కనిపెట్టారు. అయితే చచ్చిన కణాన్ని ఆమ్లంలో నానబెడితే తప్ప ఆ రంగు ఎక్కదు. డీఎన్‌ఏను చీకట్లో మెరిపించే రంగులు తర్వాత వచ్చాయి. వాటిలో కొన్ని పరాన్నజీవుల మీద పోరాటంలోంచి పుట్టడమే నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

క్వినాక్రిన్ సంగతే చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో మలేరియా రాకుండా సైనికులు మింగిన పచ్చటి మాత్ర అది. 1970లో స్టాక్‌హోమ్‌లో కాస్పర్సన్, లోరె జెక్‌ల బృందం దాని దగ్గరి బంధువైన క్వినాక్రిన్ మస్టర్డ్‌ను మనిషి క్రోమోజోములకు పట్టించి చూస్తే, ఒక్కోదాని మీద వెలుగు చారలు, చీకటి చారలు కనిపించాయి. అంతకుముందు పొడవునూ ఆకారాన్నీ బట్టి జతలు కట్టేవారు, ఒకే తీరుగా ఉన్నవాటిని విడదీయలేకపోయేవారు. ఇప్పుడు దేని ముఖం దానిదే.

షికాగోలో పరిశోధకురాలు జానెట్ రౌలీ ఈ చారల ఫొటోల్లోంచి క్రోమోజోములను కత్తెరతో కత్తిరించి, ఇంట్లో భోజనాల బల్ల మీద పేర్చుకుని పోల్చేవారు. ఒక రకం రక్త క్యాన్సర్‌లో 22వ క్రోమోజోము పొట్టిగా ఉంటుందని అప్పటికే తెలుసు. తెగిన ముక్క పోలేదని, 9వ దాని చివర అతుక్కుందని 1973లో ఆమె చారలు చూసి తేల్చారు. ఈ చరిత్రలో ఇంతకన్నా గొప్ప ఘట్టం నాకు కనబడదు.

డాపీ అనే రంగుది మరో కథ. నిద్రజబ్బు తెచ్చే ట్రిపనోసోమ్‌లకు మందు వెతుకుతూ 1971లో ఒట్టో డాన్ ప్రయోగశాలలో దాన్ని తయారుచేశారు. మందుగా అది నిలవలేదు. కానీ డీఎన్‌ఏ మెలికలోని సన్నని గాడిలో, ఏ, టీ అనే అక్షరాల జతలు వరసగా ఉన్నచోట అది ఒదిగిపోతుంది. అలా ఒదిగాక దాని వెలుగు సుమారు 20 రెట్లవుతుంది. చీకటి గదిలో అతినీలలోహిత కాంతి వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే నల్లటి నేల మీద నీలం గుండ్రాలు తేలతాయి. 1975 నాటికే ఈస్ట్ మైటోకాండ్రియాలోని ఆ కొద్దిపాటి డీఎన్‌ఏను కూడా దీనితో చూశారు.

అదే దశకంలో హెక్స్ట్ కంపెనీ రంగులు వచ్చాయి. బతికున్న కణంలోకీ చొరబడటం వాటి బలం. వాటిని వెలిగించే అతినీలలోహిత కాంతి అదే కణానికి చేటు చేయడం బలహీనత. 2015లో హెక్స్ట్ అణువుకు ఎర్రగా వెలిగే మరో అణువును జోడించి ఆ ఇబ్బందిని చాలావరకు తగ్గించారు.

ఈసారి పాఠ్యపుస్తకంలోనో పత్రికలోనో కణాల రంగుల ఫొటో కనిపిస్తే నీలం గుండ్రాల కోసం చూడండి. చాలావరకు అవి డాపీయో హెక్స్టో వెలిగించిన కేంద్రకాలే.