ఆవకాయకీ ఓ నంబరు

మొన్న కొన్న ఆవకాయ సీసా మీద పద్నాలుగంకెల నంబరు కనిపించింది. ఖైదీకి మల్లే ఆవకాయకీ నంబరా అని నవ్వుకున్నాను. ఆ వెంటనే మా వీధి చివరి పిన్నిగారు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

నా చిన్నతనంలో ఇద్దరు పిల్లల చదువుకీ ఆవిడ పచ్చళ్ళే ఆధారం. జాడీకి లేబుల్లేదు, ఆవిడ మాటే హామీ. తడిచేత్తో వస్తే మమ్మల్ని గుమ్మం దాటనిచ్చేవారు కాదు.

చట్టం అప్పటికే ఉంది లెండి. 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టం వచ్చింది. 1955 నాటి ఫ్రూట్ ప్రొడక్ట్స్ ఆర్డర్ ప్రకారం పచ్చళ్ళమ్మాలంటే లైసెన్సుండాలి. పిన్నిగారికి ఆ సంగతే తెలీదు. కేసు పెడతారని ఎవరో భయపెట్టేసరికి జాడీలు అటకెక్కించేశారు. పెద్దబ్బాయి చదువు మానేసి కొట్లో పనికి కుదిరాడు.

2006లో పాతవన్నీ కలిపి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం చేశారు. 2011లో అమలైన నిబంధనల్లో చిన్నవాళ్ళకి వేరే దారి పెట్టారు. ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారమైతే లైసెన్సక్కర్లేదు, నమోదు చాలన్నారు అప్పట్లో. రుసుము ఏడాదికి వంద రూపాయలుగా పెట్టారు. శుభ్రతకి మాత్రం మినహాయింపు లేదు. అదీ న్యాయమే! కారంలో రంగు పెద్ద కంపెనీ కలిపినా, పక్కింటావిడ కలిపినా చెడేది మన పిల్లల కడుపే కదా?

పిన్నిగారికి శుభ్రత ఒకరు నేర్పక్కర్లేదు. పక్కన కూర్చుని ఆ కాగితమేదో నింపిపెట్టే మనిషి ఒక్కరుంటే, ఆ జాడీలు అటకెక్కేవి కావు.