క్రైస్తవ విదేశ సేవాయాత్రలు : కృష్ణా మండలము

క్రైస్తవ సంఘములు తమ దేశపు ఎల్లలు దాటించి అన్యదేశములకు పంపిన స్త్రీపురుషులు అచ్చటి ప్రజలకు విద్య, వైద్యము, క్షామ నివారణము మున్నగు రూపములలో చేసిన పరిచర్యను, ఆ పరిచర్యకై వారు చేసిన ప్రయాణములను సేవాయాత్రలని వ్యవహరింతురు. మతప్రచారము ఈ యాత్రలకు ప్రధానోద్దేశము. సేవ దానికి తోడుగా నడచినది. ఐనను కృష్ణా మండల చరిత్రమును పరిశీలించిన వారికి, ఆ తోడుగా నడచిన సేవయే మతభేదము లేక ఎల్లవారి యిండ్లకును చేరి చిరకాలము నిలిచినట్లు కనబడును. మచిలీపట్టణము, బెజవాడ, ఏలూరు, గుంటూరు పట్టణములును, వాని నంటియున్న కాలువల సీమయు ఈ వ్యాసమునకు ముఖ్యమైన పరిధి.

డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను బందరనబడు మచిలీపట్టణములో వర్తకస్థానములు నెలకొల్పుకొనిరి. తరువాతి రెండు శతాబ్దములలో వారితో వచ్చిన మతాచార్యులు తమ జాతివారికి తప్ప స్థానికులకు పరిచర్య చేసినది స్వల్పము. ఈస్టిండియా కంపెనీ తన సీమలో మిషనరీలను చాలకాలము ఆదరింపలేదు. 1813 నాటి చార్టరు శాసనము వారికి ద్వారము తెరచెను. 1833 నాటి శాసనము అనుమతిపత్రపు నిర్బంధమును తొలగించెను. అంతకు ముందే 1805లో లండను మిషను పక్షమున క్రాన్, డే గ్రాంజిస్ అను నిరువురు విశాఖపట్టణమున దిగి తెలుగున సువార్తల అనువాదమునకు పూనుకొనిరి. 1836లో బౌడెన్, బీరు అను ఆంగ్లేయులు నరసాపురము చేరి గోదావరీ తీరమున స్థిరపడిరి.

కృష్ణా మండలమున అసలు చరిత్ర 1841తో ప్రారంభమగును. అంతకు ఎనిమిదేండ్ల క్రిందట నందననామ సంవత్సరపు కరువు, జనులు డొక్కల కరువని పిలిచినది, గుంటూరు సీమను శ్మశానప్రాయము గావించియుండెను. దాని గాయము మానకముందే బందరులోని కొందరు కంపెనీ ఉద్యోగులు చందాలు కూర్చి, ఈ ప్రాంతమునకు మిషనరీలను పంపవలసినదని ఇంగ్లండులోని చర్చి మిషనరీ సొసైటీని కోరిరి. ఆ పిలుపు నందుకొని వచ్చినవారు ఇరువురు. కేంబ్రిడ్జిలో చదివిన రాబర్టు టర్లింగ్టన్ నోబుల్‌కు అప్పటికి ముప్పదిరెండేండ్లు. రగ్బీ పాఠశాలలో థామస్ ఆర్నాల్డు ప్రధానాచార్యుడుగా నున్న కాలమున చదివి, పిదప ఆక్స్‌ఫర్డులో పట్టము పొందిన హెన్రీ వాట్సన్ ఫాక్సుకు ఇరువదినాలుగైనను నిండలేదు. సూయజు కాలువ లేని ఆ దినములలో ఓడ ఆఫ్రికా ఖండపు దక్షిణాగ్రమును చుట్టి రావలెను గనుక, వారు సుమారు నాలుగు నెలలు సముద్రముపై గడపి మదరాసులో దిగి, అచ్చటినుండి బందరు చేరిరి.

వారు చేసిన మొదటి పని బోధ కాదు, భాషాభ్యాసము. సి. పి. బ్రౌను నిఘంటువు వెలువడుటకు ఇంకను పదునొకండేండ్లు కలవు; క్యాంబెలు వ్యాకరణము, నిఘంటువు, మున్షీ నోట పలికిన పలుకు, ఇవే వారికి ఆధారములు. ఫాక్సు కొంత భాష పట్టుబడినంతనే డేరా తీసికొని పల్లెలకు, తిరునాళ్లకు పోవుచు వీథులలో నిలిచి జనులతో ముచ్చటించుచుండెను. అతని జీవితము దుఃఖభరితము. 1845లో అనారోగ్యముచే స్వదేశమునకు బయలుదేరిన వేళ భార్య మరణించెను. బిడ్డలను ఇంగ్లండులో విడిచి మరుసటి యేట ఒంటరిగా బందరునకు మరల వచ్చెను. దేహము నిలువక 1848లో తిరిగి పోయి, ఆ అక్టోబరు మాసమున ముప్పదియొకటవ యేట కన్నుమూసెను. అతడు చదివిన రగ్బీ పాఠశాల విద్యార్థులును పూర్వవిద్యార్థులును ఏటేట చందా వేసికొని బందరు పాఠశాలలో ఒక ఉపాధ్యాయుని పోషించుచు వచ్చిరి. ఆ పదవికి రగ్బీ–ఫాక్సు ఉపాధ్యాయపదవి యని పేరు. దూరదేశపు బాలురు తాము చూడని ఊరి బాలుర చదువునకై తరతరములుగా కూర్చిన ఆ ధనము ఈ చరిత్రమున ప్రశంసింపదగిన విషయములలో నొకటి.

నోబుల్ తీరు వేరు. అతడు బ్రహ్మచారి, మితభాషి, పట్టుదల గలవాడు. ఊరూర తిరుగుట కంటె ఒక్కచోట నిలిచి బోధించుట మేలని నమ్మినవాడు. 1843 నవంబరు నెలలో ఇరువురు బాలురతో అతడు తెరచిన పాఠశాల క్రమముగా ఉత్తర సర్కారులలో ప్రఖ్యాతి వహించెను. అగ్రవర్ణముల బాలురకు ఆంగ్లవిద్యతోపాటు బైబిలు నేర్పి, వారి మూలమున సమాజము నంతటిని మార్చవలెనని అతని సంకల్పము. అందుచే ఆ బడిలో పంచములకు ప్రవేశము లేకుండెను. సహమిషనరీలలోనే కొందరు దీనిని ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణము న్యాయమైనదే. చదువు ఎవరికి అత్యంతావశ్యకమో వారికే అది అందకపోవుట నోబుల్ సేవలో పెద్ద లోపము.

1852లో అతని శిష్యులలో ఐనాల భూషణము అను బ్రాహ్మణ యువకుడును, వెలమ కులజుడైన గనుగపాటి కృష్ణయ్యయు క్రైస్తవమతము స్వీకరింపగా పట్టణమున గొప్ప అలజడి పుట్టెను. తల్లిదండ్రులు బిడ్డలను బడి మాన్పించిరి. బల్లలు దాదాపు శూన్యములయ్యెను. నోబుల్ ఊరు విడువలేదు, బోధనము మార్చుకొనలేదు. కొంతకాలమునకు బాలురు మరల వచ్చిరి. తరువాత మంచాల రత్నము అను మరియొక బ్రాహ్మణ విద్యార్థి చేరెను. భూషణము, రత్నము ఉభయులు 1864లో గురుపదవి నొందిరి. జానీ అలీ అను మహమ్మదీయ విద్యార్థి ఇక్కడినుండియే కేంబ్రిడ్జికి పోయి పట్టభద్రుడై తిరిగివచ్చెను. బిడ్డ అన్యమతమున చేరినప్పుడు ఆ యింటివారు పడిన వ్యథను మిషను చరిత్రకారులు తగినంత గుర్తింపలేదు. ఆ వ్యథయు ఈ చరిత్రమున భాగమే.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతో కూడ సముద్రము బందరుపై విరుచుకొనిపడెను. చీకటిలో వచ్చిన ఆ ఉప్పెన కోటను, వీథులను, పొలములను ముంచి పలు మైళ్లు లోపలికి చొచ్చుకొనిపోయెను. సుమారు ముప్పదివేల మంది మరణించిరని అంచనా. మిషనరీలైన షార్కీ దంపతులు నడపుచుండిన బాలికల వసతిగృహమున నిద్రించుచున్న పిల్లలలో పలువురు ఆ రాత్రి నీటిపాలైరి. తెల్లవారిన పిమ్మట మంచినీటి బావులన్నియు ఉప్పుబారియుండెను. శవముల నడుమ త్రాగు నీటికై జనులు అలమటించిరి. ప్రాణములతో మిగిలిన మిషనరీలును ఊరివారును ఒకే దుఃఖమును పంచుకొనిరి. నోబుల్ ఆ ఉప్పెననుండి బయటపడెను గాని, మరుసటి సంవత్సరము 1865 అక్టోబరులో బందరులోనే మరణించెను. ఇరువదినాలుగేండ్లలో అతడొక్కమారైనను స్వదేశమునకు పోలేదు.

అతని పాఠశాల కళాశాలయై నోబుల్ కళాశాల యను పేరుతో వర్ధిల్లెను. బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నము నాయుడుగా రచ్చట అధ్యాపకులుగా నుండిరి. ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు అచ్చటి విద్యార్థులు. ఆ పిమ్మట 1910లో అదే పట్టణమున కోపల్లె హనుమంతరావుగారితో కలిసి వీ రిరువురు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. విదేశ మిషను బడిలో చదివిన తరము తన కాళ్లపై తాను నిలువబూని స్వదేశ విద్యాలయమును కట్టుకొనుట ఆ బడికి అపకీర్తి కాదు. అది ఆ చదువు ఫలించినందుకు గుర్తు.

బెజవాడ కథ ఆనకట్టతో ముడిపడినది. సర్ ఆర్థరు కాటన్ ఆలోచన ననుసరించి కెప్టెన్ ఆర్ అను అధికారి 1852 నుండి 1855 వరకు కృష్ణపై ఆనకట్ట కట్టించెను. కాలువలు పారిన కొలదిని కూలిజనము, వర్తకులు, ఉద్యోగులు ఆ యూర చేరిరి. ఆ దశాబ్ది ఉత్తరార్ధమున థామస్ యంగ్ డార్లింగు అచ్చట మిషను కేంద్రమును నడపెను. 1859లో రాఘవాపురపు మాలపల్లెకు పెద్దయైన పగోలు వెంకయ్య, ఒకప్పుడు దోపిడి ముఠాకు నాయకుడని ప్రసిద్ధుడు, తన బంధుమిత్రులతో డార్లింగు నాశ్రయించెను. నోబుల్ దూరముగా నుంచిన పల్లెలే తమంతట వచ్చి తలుపు తట్టినవి. అక్కడినుండి డెల్టాలోని సేవ త్రోవ మార్చుకొనెను: తాటాకు పాకలో రాత్రిబడి, పగలు కూలికి పోయి వచ్చిన పిల్లలు, ఆముదపు దీపము చుట్టు అక్షరాభ్యాసము, ఇవి మాల మాదిగ పల్లెలలో అడుగుపెట్టినవి. ఆ పల్లెలలో బోధకులుగా పనిచేసినవారు అత్యధికులు తెలుగువారే. మిషను నివేదికలు వారి పేర్లను అరుదుగా తలచినవి.

గుంటూరునకు 1842 జూలైలో వచ్చిన హైయరు జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన లూథరను గురువు. కలెక్టరు హెన్రీ స్టోక్సు అతనిని ఆదరించి నిలిపెను. హైయరు మధ్యలో స్వదేశమునకు పోయి వైద్యవిద్య నభ్యసించి పట్టము గైకొని మరల వచ్చి, పల్నాటి గురజాలలో రోగులకు మందిచ్చుచు గడపెను. వార్ధక్యమున డెబ్బదియైదేండ్లు దాటిన పిదప మూడవమారు సముద్రము దాటి రాజమహేంద్రవరపు కేంద్రమును నిలబెట్టెను. 1883లో గుంటూరు చేరిన డాక్టరు అన్నా సారా కుగ్లర్ సేవ మరింత విశిష్టమైనది. పురుషవైద్యునికి చేయి చూపుటకు ఒప్పని ఘోషాస్త్రీలు, పురుటినొప్పులలో ప్రాణము మీదికి వచ్చినను మంత్రసానిని దాటి పోలేని గృహిణులు ఆమె యొద్దకు వచ్చిరి. 1898లో ఆసుపత్రి తెరవబడెను. ఏలూరు జమీందారు మంత్రిప్రగడ భుజంగరావుగారు తమ భార్యకు జరిగిన వైద్యమునకు కృతజ్ఞతగా ఆసుపత్రి చెంతనే ఒక సత్రము కట్టించి యిచ్చిరి. రోగులతో వచ్చిన బంధువులు అచ్చట తమ ఆచారము తప్పక విడిసియుండుటకు వీలు కలిగెను. అమెరికా వైద్యురాలి ఆసుపత్రికి ఎదుట హిందూ జమీందారుని సత్రము నిలుచుట ఆ కాలపు గుంటూరునకు గౌరవావహము. కుగ్లర్ 1930లో మరణించెను; ఆసుపత్రి నేటికిని ఆమె పేరనే యున్నది.

1876–78 నాటి మహాక్షామమున ఒంగోలులోని అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, కృష్ణా కాలువలను దక్షిణమున మదరాసుతో కలుపు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి ధర్మము గాక కూలి యిచ్చెను. అన్నము ఆశించి మతము పుచ్చుకొందురను శంకచే ఆ పని జరుగునంత కాలము బాప్తిస్మములు నిలిపివేసెను.

అన్ని యాత్రలును ఒకే విధముగా ఫలింపలేదు. 1911 నాటి నేరస్థ జాతుల శాసనము క్రింద మదరాసు ప్రభుత్వము ఎరుకల కుటుంబములను సాల్వేషన్ ఆర్మీ అను క్రైస్తవ సంస్థకు అప్పగింపగా, బెజవాడ కెదురుగా సీతానగరమునను, బాపట్ల చెంత స్టూవర్టుపురమునను వారి స్థావరము లేర్పడెను. బడులు, చేతిపనులు కలవు. కాని హాజరు పిలుపు, కదలుటకు అనుమతిపత్రము, బలవంతపు కూలి వానితోపాటే కలవు. పుట్టుకతోనే దోషులని ముద్రవేసిన శాసనమునకు సాధనమైన సేవ సేవగా నిలువజాలదు. ఆ శాసనము 1952లో రద్దయ్యెను.

కథోలిక సంఘమువారి సేవ ఇరువదవ శతాబ్దిలో విస్తరించెను. ఇటలీలోని మిలాను మిషనునకు చెందిన ఫాదర్ అర్లాటి 1924లో గుణదల కొండపై మేరీమాత ప్రతిమను నెలకొల్పెను. 1937లో బెజవాడ ప్రత్యేక మేత్రాసన మయ్యెను. 1953లో జెస్విటులు ఆంధ్ర లయోలా కళాశాలను స్థాపించిరి.

తెలుగువారును ఈ యాత్రలలో కేవలము గ్రహీతలు కారు. నెల్లూరు తెలుగు బాప్టిస్టులు తమ చందాలతో 1903లో జాన్ రంగయ్య అను ఉపాధ్యాయుని దక్షిణాఫ్రికాలోని నాటాలునకు పంపిరి. చెరకు, తేయాకు తోటలలో ఒప్పందపు కూలీలుగా చిక్కుకొన్న తెలుగు కుటుంబముల నడుమ అతడు ఆ సంవత్సరాంతముననే కియర్స్నీలో సంఘమును నెలకొల్పెను. అదే 1903లో తిరునల్వేలి తమిళ క్రైస్తవులు స్థాపించిన సంఘము తెలుగుదేశమునకు బోధకులను పంపగా, ఆ సంఘ స్థాపకులలో నొకరైన వి. ఎస్. అజరయ్య తెలుగు నేర్చి 1912లో దోర్నకల్ బిషప్పయ్యెను. తరువాత కృష్ణా మండలము నాయన పాలనలోనికి వచ్చెను. 1947లో దక్షిణ ఇండియా సంఘ మేర్పడుటతో, దానిలో చేరిన శాఖలపై విదేశ పెత్తనము చాలవరకు ముగిసినది.

1977 నవంబరు 19వ తేదీ దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలకు మించి జనులు మరణించిరి. అన్యదేశముల సంఘముల ధనమును స్వదేశ క్రైస్తవ సంస్థలు స్వీకరించి పక్కా యిండ్లు, తుపాను రక్షణ గృహములు తీరమున కట్టించినవి. ఇదివరకటి వలె జీవితాంతము నిలిచిపోవు విదేశీయుడు క్రమముగా అరుదయ్యెను. ఇటీవలి యాత్రికులు చలికాలమున వారము పది దినములకు బృందములుగా వత్తురు. వైద్యశిబిరము పెట్టుదురు, బడిగోడకు సున్నము వేయుదురు, దుబాసీ మూలమున మాటలాడి వెడలిపోవుదురు. బి.పి. చూసి మాత్రలిచ్చిన వైద్యుడు మరునెలలో ఆ యూర నుండడు; ఆ రోగిని తరువాత చూడవలసినది స్థానిక నర్సు. అందుచే ఊరిలోని ఆసుపత్రితోను, ఆశా కార్యకర్తలతోను ముందే ఏర్పాటు చేసికొని వచ్చిన శిబిరములే ఉపకారకములైనవి.

ఇట్టి బృందముల నాహ్వానించు సంఘములు రెండు నియమములు ఎరిగియుండవలెను. పర్యాటక వీసాపై వచ్చినవారికి మతబోధ చేయుటకు అనుమతి లేదు. దానికి ప్రత్యేకమైన మిషనరీ వీసా కలదు. విదేశ విరాళము గైకొను సంస్థ 2010 నాటి విదేశ విరాళముల చట్టము ననుసరించి కేంద్ర ప్రభుత్వమువద్ద నమోదు కావలెను లేదా ముందస్తు అనుమతి పొందవలెను. 2020 సవరణ తరువాత ఆ ధనము మొదట ఢిల్లీలోని స్టేటు బ్యాంకు ప్రధానశాఖ ఖాతాలోనే జమ కావలెను.