అసలు కరెంటు

సోలార్ ఇల్లు అనగానే కంటిముందు మెదిలేది డాబా మీది నీలం పలకలు. కానీ సొంత కరెంటుతో బతికిన ఇళ్ళ చరిత్రలో ఆ పలకలు చిట్టచివర వచ్చాయి. అన్నిటికంటే ముందొచ్చింది బ్యాటరీ. 1859లో గాస్తోన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త రెండు సీసపు రేకుల్ని చుట్టగా చుట్టి గంధకామ్లంలో ముంచాడు. మన ఇళ్ళలో మెట్లకింద మూలన కూర్చునుండే ఇన్వర్టర్ బ్యాటరీ దాని వారసురాలే. సీసమూ అదే, ఆమ్లమూ అదే. నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ పొయ్యమని ఇంట్లో ఎవరో ఒకరు గుర్తుచేస్తుండాలి, అంతే.

ఆ బ్యాటరీని పల్లెటూరి ఇంటికి చేర్చినవాళ్ళలో చార్ల్స్ కెటరింగ్ ముఖ్యుడు. కారుకి సెల్ఫ్ స్టార్టర్ తెచ్చిపెట్టిన ఇంజనీరు. 1916లో ఒహైయోలోని డేటన్ నుంచి అతని కంపెనీ డెల్కో-లైట్ అనే యంత్రాన్ని అమ్మడం మొదలుపెట్టింది. ఒక చిన్న ఇంజను, దానికి తగిలించిన జనరేటరు, పక్కన బల్ల మీద వరసగా 16 గాజు జాడీలు. జాడీకి 2 వోల్టుల చొప్పున 32 వోల్టులు. ఇంజను కాసేపు ఆడితే జాడీలు నిండుతాయి, ఆ తర్వాత రాత్రి ఇంజను చప్పుడు లేకుండా దీపాలు వెలుగుతాయి. అంతా డీసీ కరెంటే. బల్బులు, ఇస్త్రీపెట్టెలు, రేడియోలు 32 వోల్టులకే విడిగా తయారయ్యేవి. కొన్నాళ్ళకి మోంటానా నుంచి జేకబ్స్ సోదరుల గాలిమరలు వచ్చాయి. ఇంజను పోయి గాలి వచ్చింది గానీ జాడీల బల్ల మాత్రం కదల్లేదు.

1930ల నడుమ దాకా అమెరికాలో పదింట ఒక్క వ్యవసాయ కుటుంబానికే కరెంటు తీగ అందింది. ప్రైవేటు కంపెనీలు ఊళ్ళలోకి తీగ లాగితే గిట్టదన్నాయి. 1935లో రూజ్వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణ సంస్థని పెట్టాడు, మరుసటేడు చట్టం వచ్చింది, రైతులే సహకార సంఘాలుగా ఏర్పడి స్తంభాలు పాతించుకున్నారు. తీగ చేరిన చోటల్లా డెల్కోలు పాకల్లోకి పోయాయి. యంత్రం చెడిపోయిందని కాదు. డెల్కో ఉన్న ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడూ లెక్క చూసుకోవాలి: ఇవాళ ఇస్త్రీ చేస్తే రాత్రికి రేడియో ఉంటుందా? తీగ వచ్చాక ఆ లెక్క మనిషి బుర్రలోంచి బిల్లులోకి మారింది. నా మటుకు నాకు ఇందులో అసలు ఆకర్షణ చవకదనం కాదు, ఈ లెక్క మర్చిపోగలగడమే.

ఇక పలకల సంగతి. 1954 ఏప్రిల్‌లో బెల్ లాబ్స్ సిలికాన్ సౌరఘటాన్ని ప్రదర్శించింది. చేసినవాళ్ళు చేపిన్, ఫుల్లర్, పియర్సన్. దాని మీద పడ్డ వెలుగులో 6 శాతం కరెంటుగా మారేది, దాంతో ఒక బొమ్మ రంగులరాట్నం తిప్పి చూపించారు. ధర చూస్తే ఉపగ్రహాలకి తప్ప ఎవరికీ అందేది కాదు. 1958లో వాన్‌గార్డ్-1 ఎక్కి అంతరిక్షానికి వెళ్ళింది. నేలకి దించినవాడు ఇలియట్ బెర్మన్. 1970ల మొదట్లో వాటుకి 100 డాలర్లున్న ధరని 20కి తెచ్చాడు. పెట్టుబడి పెట్టింది ఎక్సాన్, తొలి గిరాకీల్లో ఒకటి సముద్రంలోని చమురు వేదికల మీది హెచ్చరిక దీపాలు. ఆ తర్వాత ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో నగరం వదిలొచ్చిన కుర్రకారు కొన్నారు. వాళ్ళలో గంజాయి సాగుచేసేవాళ్ళు తక్కువేం కాదు. తీగ కావాలంటే అర్జీ పెట్టాలి, అర్జీ పెడితే అధికారులొస్తారు మరి!

ఇన్వర్టర్ అన్న మాట ఇంకా పాతది. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ పత్రికలో డేవిడ్ ప్రిన్స్ అనే ఇంజనీరు ఆ పేరుతోనే వ్యాసం రాశాడు. ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్‌ని తిరగేస్తే ఇన్వర్టర్. ట్రాన్సిస్టర్లు చవకయ్యాక అది ఇళ్ళలోకొచ్చింది, 32 వోల్టుల ఇస్త్రీపెట్టెలు వెతుక్కునే పని తప్పింది.

లెక్క మాత్రం తప్పలేదు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు నాలుగు, ఐదు గంటలు: 180 వాట్-అవర్లు. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, పది గంటలు: 600. టీవీ మూడు గంటలకి 180, రోజంతా వెలిగే వైఫై రౌటరుకి 240. మొత్తం 1200. ఇన్వర్టర్ తన వంతు తింటుంది కాబట్టి 1400 అనుకోండి. సీసం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గుతుంది, అంటే 2800 నిలవ కావాలి: 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలు రెండు. నిండు ఎండ రోజుకి నాలుగున్నర గంటలు అనుకుంటే, నష్టాలూ దుమ్మూ వేడీ కలుపుకుని 500 వాట్ల పలకలు. ఇక్కడ పలకల కంటే ఫ్యాన్ల ఎంపికే పెద్ద నిర్ణయం. పాత 75 వాట్ల ఫ్యాన్లే ఉంచితే 1200 కాస్తా 2100 అవుతుంది. ఫ్రిజ్ అంటారా, అదొక్కటే రోజుకి మరో యూనిట్ అడగొచ్చు. పైగా మన మే నెల ఎండ మేలు చేస్తుందనుకుంటాం గానీ, పలక 65 డిగ్రీలకి కాగితే ఉత్పత్తి ఆరోవంతు దాకా పడిపోతుంది. అదే వేడికి బ్యాటరీ కూడా త్వరగా ముసలిదవుతుంది.

మన దగ్గర ఇన్వర్టర్ వేరే దారిలో వచ్చింది. కరెంటు "వచ్చింది", "పోయింది" అంటాం, చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళ గురించి అన్నట్టు. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాక్టరీలకి పవర్ హాలిడేలు, ఊళ్ళకి గంటల తరబడి కోతలు. అప్పుడు కొన్న ఇన్వర్టర్లు గ్రిడ్ నుంచి విడిపోవడానికి కాదు, గ్రిడ్ వచ్చినప్పుడు దాచుకోవడానికి. ఇప్పుడు డాబాల మీద పెరుగుతున్న ఆన్-గ్రిడ్ సోలార్ దానికి తలకిందులు: బ్యాటరీ ఉండదు, బయట తీగలో కరెంటు పోతే మిట్టమధ్యాహ్నమైనా ఇంట్లో ఫ్యాన్ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకూడదని అలా పెట్టిన కట్టుబాటు అది, సరైనదే. కొన్న తర్వాత తెలుసుకుని తెల్లబోయేవాళ్ళే ఎక్కువ.

డెల్కో కథ మన దేశంలో మళ్ళీ జరిగింది, ఈసారి పలకలతో. బీహార్‌లోని జెహానాబాద్ జిల్లా ధర్నాయి గ్రామంలో మూడు దశాబ్దాలకి పైగా కరెంటు లేదు. 2014 జులైలో గ్రీన్‌పీస్ అక్కడ 100 కిలోవాట్ల సోలార్ మైక్రోగ్రిడ్ పెట్టింది. దీపాలు వెలిగాయి, వీధులు వెలిగాయి. ఇస్త్రీపెట్టెలు, హీటర్లు, కూలర్ల లాంటివి వాడొద్దన్నారు. బ్యాటరీ లెక్క తెలిసినవాళ్ళు ఎవరైనా అదే అంటారు. మరుసటి నెల నితీశ్ కుమార్ ఆ ఊరికి వస్తే జనం అసలు కరెంటు కావాలని అడిగారు. సోలార్‌ది నకిలీ కరెంటట. ఆ మాట విని నగరాల్లో చాలామంది నవ్వారు, రాత్రంతా ఏసీ వేసుకునేవాళ్ళతో సహా. తన కూలర్‌ని ఎవరూ లెక్కపెట్టని కరెంటు అడగడం ఆ ఊరికి మాత్రమే అత్యాశ ఎలా అయింది?

తీగ త్వరలోనే వచ్చింది, యూనిట్ ధర కూడా సోలార్ కంటే తక్కువ. కొన్నేళ్ళలో మైక్రోగ్రిడ్ బ్యాటరీలు చచ్చిపోయాయి, కొత్తవి ఎవరూ కొనలేదు. పలకల కింది నీడలో ఊరివాళ్ళు పశువుల్ని కట్టేసుకున్నారు.