బరంపురం మీదుగా బోస్టన్

అమెరికా తొలినాటి సాహిత్యం మీద సదస్సు పెట్టాలంటే మన వైపు ముందుగా తోచే ఊరు హైదరాబాదు. అది న్యాయమే. 1964లో ఉస్మానియా ఆవరణలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ వెలిశాక, దేశం నలుమూలల నుంచి ఇంగ్లీషు అధ్యాపకులు హాథార్న్ కోసం, మెల్విల్ కోసం ఆ గ్రంథాలయానికే వచ్చి చదువుకున్నారు. అయినా ఆ సదస్సు జరగవలసిన ఊరు బరంపురం అంటాను. ఎందుకో చెప్పాలంటే 1820ల దాకా వెళ్ళాలి.

అప్పుడు బరంపురం ఉన్న గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా. చికాకోలు, అంటే నేటి శ్రీకాకుళం కూడా ఆ జిల్లాలోదే. ఇంగ్లండు నుంచి వచ్చిన జనరల్ బాప్టిస్టు మిషనరీలు కటకం, పూరీలతో పాటు బరంపురంలోనూ ప్రచారం చేసేవారు. ఒడిశాలో వాళ్ళ దగ్గర బాప్తిస్మం పొందిన మొదటి స్థానికుడు ఒక తెలుగు నేతగాడు. ఎరున్ అని రాసుకున్నారు అతని పేరు. 1827 క్రిస్మస్ నాడు, బరంపురంలోనే, ఆ మిషనరీల్లో ఒకడైన విలియం బాంప్టన్ అతనికి బాప్తిస్మం ఇచ్చాడు.

ఈ మిషన్‌లో ఏమస్ సట్టన్ అని ఒకాయన ఉండేవాడు. ఆయన భార్య అంతకుముందు జేమ్స్ కోల్మన్ అనే అమెరికా మిషనరీకి ఇల్లాలు. అతను పోయాక సట్టన్‌ను పెళ్ళాడింది. ఒడిశాకూ అమెరికాకూ మధ్య మొదటి చుట్టరికం ఇదే అనిపిస్తుంది నాకు. సట్టన్ న్యూ ఇంగ్లండులోని ఫ్రీవిల్ బాప్టిస్టులకు, ఒడిశాకు మనుషుల్ని పంపమని ఉత్తరం రాశాడు. ఒడిశా మిషన్ గురించి ఆయన రాసిన పుస్తకం 1833లో బోస్టన్‌లో అచ్చయింది. ఎమర్సన్ తొలి పుస్తకం ‘నేచర్’ రావడానికి అప్పటికి ఇంకా మూడేళ్ళుంది! మనం పాఠ్యప్రణాళికల్లో ‘అమెరికా సాహిత్య వికాసం’ అని చెప్పుకునే కాలానికి ముందే బోస్టన్ పాఠకుల చేతుల్లో ఒడిశా ఉంది.

తరవాత సట్టన్ స్వయంగా అమెరికా వెళ్ళాడు. 1835లో వర్జీనియాలోని రిచ్మండ్‌లో బాప్టిస్టుల మహాసభ జరిగింది. ఒడిశాకు దక్షిణాన తెలుగువాళ్ళున్నారని, వాళ్ళ మధ్యకు మనుషుల్ని పంపమని ఆ సభలో అడిగాడు. ఆ ఏడు సెప్టెంబరు 22న బోస్టన్ నుంచి ‘లూవ్ర్’ అనే ఓడ బయలుదేరింది. సట్టన్ దంపతులు, ఒడిశాకు వస్తున్న ఎలై నోయెస్, జెరెమయా ఫిలిప్స్, తెలుగువాళ్ళ కోసం వస్తున్న శామ్యూల్ డే అందరూ అందులోనే. వాళ్ళతో ప్రయాణించిన హోవర్డ్ మాల్కం 1839లో తన ఆసియా యాత్రల పుస్తకం అచ్చువేశాడు. డే 1836లో విశాఖపట్నం చేరి, అక్కణ్ణుంచి చికాకోలు వెళ్ళాడు. అంటే అమెరికా తెలుగు మిషన్ తొలి అడుగుల్లో ఒకటి గంజాం జిల్లాలోనే పడింది. తరవాత మద్రాసు, 1840లో నెల్లూరు.

1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన బాప్టిస్టుల సభ ఈ తెలుగు మిషన్‌ను మూసేయాలా అని చర్చించింది. పటంలో నెల్లూరు ఒంటరి చుక్కలా ఉందన్న మాట పట్టుకుని శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ రాత్రికి రాత్రే పద్యం రాశాడు. మిషన్ నిలిచింది. ఆ స్మిత్ ఎవరనుకున్నారు? అమెరికన్లు దేశభక్తి గీతంగా పాడుకునే ‘అమెరికా’ పాట రాసినవాడు. ఆ దేశపు బడిపిల్లలకు తెలిసిన కవి ఒక తెలుగు ఊరి మీద పద్యం రాశాడని మన ఎం.ఏ. తరగతుల్లో ఎవరూ చెప్పరు. ఇది నన్ను బాధిస్తుంది.

చెప్పకపోవడానికి కారణం ఉంది. ఈ కథ మొత్తం చర్చి చరిత్రల్లో ఉండిపోయింది. ఇంగ్లీషు శాఖలు దీన్ని సాహిత్యం అనుకోలేదు. నిజానికి ఆ కాలపు అమెరికా సాహిత్యంలో ఉత్తరాలు, యాత్రా కథనాలు, మిషన్ పత్రికలు, కీర్తనలు పెద్ద భాగం. పైగా 1936లో ఒడిశా ఏర్పడ్డాక బరంపురం ఒకవైపు, చికాకోలు ఇంకోవైపు అయ్యాయి. ఒకే కథను రెండు రాష్ట్రాలు చెరో సగం పంచుకున్నాయి. ఆ రెండు సగాలనూ కలిపి చదవగలిగినవాళ్ళు, తెలుగూ ఒడియా రెండూ ఇంటి భాషలైనవాళ్ళు, బరంపురంలోనే ఉన్నారు. 1967 నుంచి అక్కడ విశ్వవిద్యాలయమూ ఉంది.

ఆ విశ్వవిద్యాలయ ఆవరణ భంజవిహార్‌లోని ఇంగ్లీషు, చరిత్ర అధ్యాపకులకూ, శ్రీకాకుళం కళాశాలల వాళ్ళకూ ఇదే నా విన్నపం. రెండు రోజుల సదస్సు పెట్టండి. ఒక రోజు బరంపురంలో, ఒక రోజు శ్రీకాకుళంలో. సట్టన్ పుస్తకాన్నీ మాల్కం పుస్తకాన్నీ ముందుగా విద్యార్థుల చేత చదివించండి. ఎరున్ మీద మొదటి పత్రం బరంపురం నేత కుటుంబాల పిల్లల చేత రాయించండి.