10 ఎం.ఎం. ఆటో పిస్టళ్ళు

10 ఎం.ఎం. ఆటో పిస్టళ్ళు అనేవి 1983లో అమెరికాలో ప్రవేశపెట్టబడిన 10 ఎం.ఎం. ఆటో అనే శక్తివంతమైన తూటాను పేల్చే సెమీ ఆటోమేటిక్ పిస్టళ్ళు. సెమీ ఆటోమేటిక్ పిస్టలులో ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలుతుంది. పేలినప్పుడు వెనుకకు తన్నే శక్తితో స్లైడు కదిలి, ఖాళీ తొడుగును బయటకు విసిరి, మ్యాగజైను నుండి మరో తూటాను గొట్టంలోకి చేరుస్తుంది. అందువలన తూటా శక్తి పెరిగే కొద్దీ స్లైడు, ఫ్రేములపై పడే దెబ్బ కూడా పెరుగుతుంది. ఈ పిస్టళ్ళ మధ్య ముఖ్యమైన తేడా ఆ దెబ్బను తట్టుకొనే తీరులోనే ఉంది.

తూటా

పిస్టలు శిక్షణలో పేరుపొందిన జెఫ్ కూపర్ ఈ తూటా రూపకల్పనకు తోడ్పడ్డాడు. స్వీడన్‌కు చెందిన నోర్మా సంస్థ దీనిని మొదట తయారు చేసింది. తొలి తూటాలో సుమారు 13 గ్రాముల గుండు సెకనుకు 366 మీటర్ల వేగంతో వెలువడేది. దాని శక్తి సుమారు 870 జౌళ్ళు. సాధారణ 9 ఎం.ఎం. తూటా శక్తి సుమారు 500 జౌళ్ళు మాత్రమే.

ముఖ్యమైన పిస్టళ్ళు

* బ్రెన్ టెన్: ఈ తూటా కోసం వెలువడిన మొదటి పిస్టలు. చెకోస్లొవేకియాకు చెందిన సి.జెడ్. 75 నమూనా ఆధారంగా కాలిఫోర్నియాలోని డోర్నాస్ అండ్ డిక్సన్ సంస్థ తయారు చేసింది. మ్యాగజైన్ల కొరత వలన చాలా పిస్టళ్ళు అవి లేకుండానే కొనుగోలుదారులకు చేరాయి. 1986లో సంస్థ దివాలా తీసింది.
* కోల్ట్ డెల్టా ఎలైట్ (1987): పాత ఎం 1911 నమూనాను కొత్త తూటాకు అనువుగా మార్చి చేసినది. మ్యాగజైనులో 8 తూటాలు పడతాయి. దెబ్బను తగ్గించడానికి రెండు స్ప్రింగులు అమర్చినా, తొలి పిస్టళ్ళలో కొన్నింటి ఫ్రేములు పగిలాయి. తరువాత పగులు వచ్చే చోట ఉన్న సన్నని లోహపు భాగాన్ని తొలగించారు.
* స్మిత్ అండ్ వెస్సన్ 1076 (1990): స్టెయిన్‌లెస్ స్టీలు పిస్టలు. బరువు కిలోకు పైగా ఉంటుంది. మ్యాగజైనులో 9 తూటాలు పడతాయి.
* గ్లాక్ 20: 1990ల ఆరంభంలో వచ్చిన ఆస్ట్రియా పిస్టలు. ఫ్రేము పాలిమరుతో చేయబడింది. ఖాళీ పిస్టలు బరువు సుమారు 780 గ్రాములే అయినా మ్యాగజైనులో 15 తూటాలు పడతాయి.

ఎఫ్.బి.ఐ. వినియోగం

1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు బ్యాంకు దొంగలతో జరిగిన కాల్పులలో ఇద్దరు ఎఫ్.బి.ఐ. అధికారులు మరణించారు, ఐదుగురు గాయపడ్డారు. ఒక దొంగకు ఆరంభంలోనే తగిలిన 9 ఎం.ఎం. గుండు గుండెను చేరకముందే ఆగిపోయింది. అతడు ఆ తరువాత కూడా కాల్పులు కొనసాగించాడు. ఈ ఘటన తరువాత ఎఫ్.బి.ఐ. 10 ఎం.ఎం. తూటాను, 1076 పిస్టలును ఎంచుకొంది. అయితే అసలు తూటా తాకిడి ఎక్కువ కావడంతో గుండు వేగాన్ని సెకనుకు సుమారు 290 మీటర్లకు తగ్గించి వాడింది.

తగ్గించిన ఈ శక్తికి అంత పొడవైన తొడుగు అవసరం లేదు. అందువలన స్మిత్ అండ్ వెస్సన్, వించెస్టర్ సంస్థలు 25.2 మి.మీ. తొడుగును 21.6 మి.మీ.కు కుదించి 1990లో .40 ఎస్ అండ్ డబ్ల్యు తూటాను విడుదల చేశాయి. ఇది 9 ఎం.ఎం. పిస్టలంత చిన్న పిస్టళ్ళలో ఇమిడిపోవడంతో అమెరికా పోలీసు శాఖలు దీనివైపే మొగ్గు చూపాయి. మెరుగైన గుండ్లు వచ్చిన తరువాత ఎఫ్.బి.ఐ. 2010లలో తిరిగి 9 ఎం.ఎం.కు మారింది.

ఇతర ఉపయోగాలు

పోలీసు శాఖలలో ఆదరణ తగ్గినా, 10 ఎం.ఎం. పిస్టళ్ళను వేటకు, అడవి జంతువుల నుండి రక్షణకు వాడుతున్నారు. గ్రీన్‌లాండ్‌లో గస్తీ తిరిగే డెన్మార్క్ సైన్యపు సిరియస్ దళం ధ్రువపు ఎలుగుబంట్ల నుండి రక్షణకు గ్లాక్ 20ను ఎంచుకొంది.