షెర్‌ఘాటీ శిల: అంగారకుని ఆనవాలు

1865 ఆగస్టు 25వ తేదీన బీహారులోని గయ సమీపాన, షెర్‌ఘాటీ వద్ద భీకర ధ్వనితో ఆకాశం నుండి ఒక శిల నేలపై పడింది. దాని బరువు సుమారు 5 కిలోలు. పతనాన్ని కన్నులారా చూచినవారు ఉండటం వల్ల తేదీ నిశ్చయమైంది. ఎండవానలకు శిథిలం కాకముందే శిల శాస్త్రజ్ఞులకు దక్కింది.

1872లో వియన్నా ఖనిజ శాస్త్రవేత్త గుస్తావ్ చెర్మాక్ ఇందులో గాజువంటి నూతన పదార్థాన్ని గుర్తించి, బ్రిటిష్ మ్యూజియం శాస్త్రవేత్త మాస్కెలిన్ పేరిట ‘మాస్కెలినైట్’ అని నామకరణం చేశారు. ఘోరమైన అఘాతానికి లోనైన ఫెల్డ్‌స్పారే ఈ రూపం దాల్చుతుందని తరువాత తేలింది.

సాధారణ ఉల్కాశిలల వయస్సు దాదాపు 450 కోట్ల సంవత్సరాలు. షెర్‌ఘాటీ శిల వయస్సు సుమారు 17 కోట్లేనని అధిక సంఖ్యాకుల నిర్ణయం. చిన్న గ్రహశకలాలు ఏనాడో చల్లారిపోయాయి. అంత ఇటీవల లావా ప్రవహించాలంటే పెద్ద గ్రహమే కావాలి.

అంటార్కిటికా మంచులో లభించిన ఇదే జాతి శిలలో చిక్కుకొన్న వాయువులు, 1976లో వైకింగ్ నౌకలు కొలిచిన అంగారక వాతావరణంతో సరిపోలినట్లు 1983లో వెల్లడైంది. ఈ జాతి శిలలన్నింటికీ ‘షెర్గోటైట్లు’ అనే పేరు స్థిరపడింది.

ఏ నౌకా అంగారకుని మట్టిని తేకముందే, ఆ గ్రహఖండం భారతభూమిని చేరింది. దానిని గుర్తించడానికి మానవునికి శతాబ్దానికి పైగా పట్టింది. భద్రపరచినవారి శ్రద్ధ వల్లనే ఆ గుర్తింపు సాధ్యమైంది.