లూప్ స్విచర్

ఎలక్ట్రిక్ గిటార్‌కూ ఆంప్లిఫయర్‌కూ నడుమ ఉన్న ఎఫెక్ట్ పెడళ్లలో కావలసినవాటినే సిగ్నల్ దారిలోకి తెచ్చి, మిగిలినవాటిని పూర్తిగా పక్కన ఉంచే పరికరం లూప్ స్విచర్. దీన్ని కాలితో నొక్కుతారు. ఇందులో ఒక్కో పెడల్‌కు ఒక్కో లూప్. ‘సెండ్’ జాక్ నుంచి సిగ్నల్ పెడల్‌లోకి వెళ్తుంది, ‘రిటర్న్’ జాక్‌లోకి తిరిగి వస్తుంది. లూప్ ఆఫ్‌లో ఉంటే ఆ పెడల్ అసలు లేనట్టే. సిగ్నల్ స్విచర్ లోపలి నుంచే తర్వాతి లూప్‌కు చేరుతుంది.

పెడళ్లు పెరిగిన కాలం

కథ ఒక చెడిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌తో మొదలైంది. 1961లో విడుదలైన మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వర్రీ’లో గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటార్, నాష్‌విల్ స్టూడియో మిక్సర్‌లోని లోపం వల్ల బొంగురుగా రికార్డయింది. ఆ ధ్వని నచ్చి ఇంజినీరు గ్లెన్ స్నాడీ దాన్ని ట్రాన్సిస్టర్లతో కావాలనే పుట్టించాడు. ఆ సర్క్యూట్‌నే గిబ్సన్ కంపెనీ 1962లో ‘మేస్ట్రో ఫజ్-టోన్’గా అమ్మింది. 1965లో గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ‘శాటిస్‌ఫాక్షన్’ పాటలో దాన్ని వాడాక ఫజ్‌కు గిరాకీ పెరిగింది. ఆ తర్వాత వా-వా, ఫేజర్ పెడళ్లు ఒకటొకటిగా వచ్చాయి. 1977లో బాస్ కంపెనీ చిన్న పెడళ్ల వరుస ప్రారంభించేసరికి, ఒక వాద్యకారుడి కాళ్ల ముందు నాలుగైదు పెడళ్లు ఉండటం మామూలైంది.

దాంతోపాటే కొత్త చిక్కు వచ్చింది. గిటార్ పికప్ ఇచ్చే సిగ్నల్ బలహీనమైనది. కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారాడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది. స్టేజి మీద పది మీటర్ల తీగ దాటేసరికి పై స్వరాల మెరుపు మసకబారుతుంది. పెడల్‌లో బఫర్, అంటే సిగ్నల్‌కు దన్నునిచ్చే చిన్న సర్క్యూట్, ఉంటే ఈ నష్టం తగ్గుతుంది. కానీ బఫర్లు వరుసగా పేర్చుకుంటూ పోతే రొద పోగవుతుంది. వాడని పెడల్ కూడా ధ్వనిని పాడుచేస్తోందన్న ఈ అసంతృప్తే స్విచర్‌కు అసలు మూలం.

స్విచర్ రూపుదిద్దుకోవడం

1970లలో ఇంగ్లండ్‌లో పీట్ కోర్నిష్ పెడళ్లన్నిటినీ ఒకే బోర్డులో అమర్చి, మధ్యలో బఫర్లు పెట్టి, వాద్యకారులకు విడివిడిగా తయారుచేసి ఇచ్చేవాడు. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ ఆయన బోర్డులు వాడాడు. లాస్ ఏంజిలిస్‌లో బాబ్ బ్రాడ్‌షా ఇంకో అడుగు వేశాడు. పెడళ్లను, ర్యాక్ పరికరాలను వెనక బీరువాలో ఉంచి, గిటారిస్టు ముందు మీటలు మాత్రమే పెట్టాడు. ఒక్క నొక్కుతో రిలేలు కదిలి నాలుగైదు లూపులు ఒకేసారి మారిపోయేవి. స్టీవ్ లుకాథర్ వంటి స్టూడియో వాద్యకారులు ఈ పద్ధతికి పేరు తెచ్చారు. 1983లో సంగీత పరికరాలు ఒకదానికొకటి ఆదేశాలు పంపుకునే మిడి ప్రమాణం రావడంతో స్విచర్ పెడళ్ల లోపలి ప్రీసెట్లను కూడా మార్చగలిగింది. ఒకప్పుడు ర్యాక్ నిండా పట్టిన పని బాస్ కంపెనీ ఇఎస్-8 వంటి ఎనిమిది లూపుల స్విచర్లతో నేల మీది పెడల్‌బోర్డులోనే ఇమిడిపోయింది.

మోనో, స్టీరియో

గిటార్ మోనో వాద్యం. ఫజ్, ఓవర్‌డ్రైవ్, వా-వా కూడా దాదాపు అన్నీ మోనోయే. స్టీరియో తెచ్చింది కోరస్. 1975 నాటి రోలండ్ జెసి-120 ఆంప్‌లో ఒక స్పీకర్ నుంచి మూల ధ్వని, రెండోదాని నుంచి శ్రుతి కొద్దిగా ఊగే ధ్వని వస్తాయి. రెండూ గాలిలో కలిసి కోరస్ అవుతాయి. 1976లో బాస్ సిఇ-1 పెడల్ అదే పనిని రెండు అవుట్‌పుట్‌లతో చేసింది. డిలే, రివర్బ్ పెడళ్లు కూడా స్టీరియో అయ్యాక వైరింగ్‌లో ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే మిగిలింది: దారి ఎక్కడ రెండుగా చీలాలి?

వీలైనంత చివర చీలాలి. ఫజ్ ముందుండాలి. పాత తరహా ఫజ్‌కు బఫర్ అడ్డులేకుండా పికప్ నేరుగా తగలాలి కాబట్టి స్విచర్ ఇన్‌పుట్ బఫర్‌ను ఆపెయ్యాలి. తర్వాత ఓవర్‌డ్రైవ్‌లు, ఆ తర్వాత చీలిక, ఆపైన స్టీరియో డిలే, రివర్బ్. చీలిన తర్వాత మోనో పెడల్ పెడితే ఒక పక్క ధ్వని అక్కడే ఆగిపోతుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. మామూలు స్విచర్‌లో ఒకటో లూప్ నుంచి వచ్చిన సిగ్నల్ లోపలే రెండో లూప్‌కు వెళ్తుంది. అందువల్ల పక్కపక్క లూపులను ఎడమ, కుడి అనుకుని స్టీరియో పెడల్‌కు కలిపితే రెండు పక్కలూ విడిగా రావు, ఒకే వరుసలో పడతాయి. దానికి స్టీరియో లూప్ గానీ, విడదీయడానికి వీలైన లూపులు గానీ ఉండాలి. కొన్ని స్విచర్లలో ఎడమ, కుడి రెండూ మూడు కొనల టిఆర్ఎస్ జాక్ ఒక్కదానిలోనే ఉంటాయి. అందులో మామూలు మోనో ప్లగ్ గుచ్చితే కుడి సిగ్నల్ గ్రౌండ్‌కు తగిలి మాయమవుతుంది, కాబట్టి రెండుగా చీలే వై-కేబుల్ తప్పనిసరి.

మరో సూక్ష్మం ఉంది. చాలా స్టీరియో పెడళ్లు ఒక్క జాకే వాడుతున్నారని గ్రహిస్తే రెండు పక్కలను తామే కలిపి ఇస్తాయి. స్విచర్‌కు రెండు తీగలూ ఎప్పుడూ కలిపే ఉంటాయి కాబట్టి పెడల్‌కు ఆ సంగతి తెలియదు. ఏ రోజైనా ఒక్క ఆంప్‌తో వాయిస్తే, ప్రతిధ్వని ఎడమకూ కుడికీ మార్చిమార్చి వచ్చే పింగ్-పాంగ్ డిలేలో సగం ప్రతిధ్వనులు వినిపించవు. పెడల్ కుడి జాక్ నుంచి తీగ తీసేస్తే సరిపోతుంది.

హమ్

రెండు ఆంప్‌లను ఒకే బోర్డుకు కలిపితే రెండింటి ఎర్త్‌లూ కేబుల్ కవచం ద్వారా కలిసి వలయం ఏర్పడుతుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌ది. అదే గుయ్‌మనే మోతగా స్పీకర్లలోకి వస్తుంది. దీనికి సరైన మందు ఒక పక్క సిగ్నల్ దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. అంతేగాని మోత పోవాలని ఆంప్ ప్లగ్ ఎర్త్ పిన్ను ఎన్నడూ తీసెయ్యకండి. ఆంప్‌లో లోపం వచ్చిన రోజున 230 వోల్టులూ గిటార్ తీగల మీదికి, వాటిని పట్టుకున్న చేతికి రావచ్చు.